ఇంటిగుట్టు – కణముగుట్టు

ఘట్‌కేసరునకు ఈవల, వరంగల్లు రహదారి ప్రక్కన, అన్నోజిగూడ యను గ్రామము కలదు. ఒకప్పుడు పైరులకు నెలవైన ఆ చుట్టుపట్టు భూములు నేడు గజముల లెక్కను అమ్ముడుపోవుచున్నవి. అచ్చటినుండి జోడిమెట్ల, నారపల్లి దాటి పట్టణమువైపు వచ్చినచో ఉప్పల్‌ తగులును. ఉప్పల్‌లో డి.ఎన్‌.ఏ. ముద్రలను, వంశానుగత వ్యాధులను పరిశోధించు సి.డి.ఎఫ్‌.డి. కేంద్రము కలదు. మరికొంత సాగినచో హబ్సిగూడలో జీవకణ శాస్త్రమునకు దేశమున ప్రధానపీఠములలో నొకటియైన సి.సి.ఎం.బి. కలదు. ఆవల తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. మూడును ఒక పూటలో చూచిరాదగినంత దూరములోనే యున్నవి. మనుష్యుని దేహము ఏల చెడునో, ఎట్లు చెడునో తెలిసికొనుటకై ప్రజాధనముతో నెలకొల్పబడిన ఆలయములివి.

అయినను అన్నోజిగూడలోని ఒక గృహస్థు తన కుమార్తెకు సంబంధము చూచునపుడు ఈ మూడు పీఠములలో తేలిన సంగతులలో ఒక్కటియైనను ఆయన చెవిని బడుచున్నదా? గోత్రము విచారింతుము, నక్షత్రము విచారింతుము, కట్నకానుకలు, పొలము పుట్ర విచారింతుము. ఉభయ వంశములయందును చిన్ననాడే గతించిన శిశువు లెందరు, నడివయస్సున గుండె యాగి పడిపోయినవారెవరు, శస్త్రచికిత్స బల్లమీద మత్తుమందునుండి తేరుకొనక చిక్కుపడినవారెవరు అని అడుగువారు లేరు. అడిగినను చెప్పువారు అంతకంటె లేరు. ఇంటిగుట్టు లంకకు చేటని మన సామెత. ఆ గుట్టును దాచుటయే ఇంటికి చేటగుచున్న ఒక విషయమును నేడు చదువరుల ముందుంచుచున్నాము.

రోగమునకు మూలస్థానము

మన దేహమున సుమారు 30 లక్షల కోట్ల జీవకణములు కలవని శాస్త్రజ్ఞుల అంచనా. ఒక్కొక్క కణము ఒక చిన్న సంసారము. దానికొక గోడ కలదు, వంటయిల్లు కలదు, చెత్తను తీసివేయు ఏర్పాటు కలదు, నడుమ కేంద్రకమను భోషాణములో, తాతముత్తాతలనుండి సంక్రమించిన దస్తావేజు కలదు. ఆ దస్తావేజు పేరే డి.ఎన్‌.ఏ. సుమారు 300 కోట్ల అక్షరముల ఈ వ్రాత తల్లినుండి ఒక ప్రతియు, తండ్రినుండి ఒక ప్రతియు మనకు లభించును. అందలి ఒక్కొక్క ప్రకరణమును జన్యువందురు. ఏ మాంసకృత్తును ఎట్లు తయారు చేయవలెనో కణమునకు చెప్పునది ఆ జన్యువే.

పూర్వము పాశ్చాత్య దేశములయందును రోగమన రక్తము, పైత్యము మొదలగు ద్రవముల వైషమ్యమేయని తలచెడివారు. 1858వ సంవత్సరమున విర్షో యను జర్మను వైద్యుడు ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టుననియు, రోగమునకు నిలయము కణమేయనియు సిద్ధాంతము చేసెను. అప్పటినుండి వైద్యుని దృష్టి అవయవమును దాటి కణముమీదికి, 20వ శతాబ్దిలో కణమును దాటి అందలి అక్షరములమీదికి మరలినది. కొడవలికణ రక్తహీనత యనునది ఒక్క మాంసకృత్తు ఆకృతి మారుటవలన కలుగు వ్యాధియని 1949లో పౌలింగును ఆయన సహచరులును చూపిరి. మన అడవిబిడ్డలనేకులను పీడించుచున్న వ్యాధి అదియే. దానిని తుదముట్టించుటకై 2023 జులైలో భారత ప్రభుత్వము ఒక జాతీయోద్యమమును ప్రారంభించి, 2047వ సంవత్సరమును గడువుగా పెట్టుకొన్నది.

భీమవరము బిడ్డడు

ఈ శాస్త్రము పరాయిదని, మనకు ఎరువు తెచ్చుకొన్నదని తలంచువారు ఒక్కసారి భీమవరమువైపు చూడవలెను. 1895 జనవరి 12వ తేదీన అచ్చట జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చరిత్ర తెలుగువారందరును ఎరుగవలసినది. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులనిద్దరిని కొలది దినముల వ్యవధిలో కబళించినది. మదరాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించి శస్త్రశాలకు పోయినందున అచ్చటి ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, పూర్తి వైద్యపట్టమునకు బదులు తక్కువ యోగ్యతాపత్రముతో బయటపడవలసివచ్చినది.

ఆ యువకుడే అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే యను ఆచార్యునితో కలసి, కణము శక్తిని ఏ రూపమున నిలువచేసికొని ఏ రూపమున వ్యయము చేయునో కనుగొనెను. 1927లో ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును వారు వెల్లడించిరి. అదే కాలమున జర్మనీలో లోమన్‌ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. నేడు ఏ దేశమున ఏ బాలుడు జీవశాస్త్రము చదివినను, ప్రాణికోటి యంతయు శక్తిని ఖర్చుపెట్టుకొను నాణెము ఏ.టి.పి. యని మొదటి పాఠములలోనే నేర్చుకొనును. ఆ నాణెమును వెలికితీసిన చేతులలో తెలుగుచేయి యొకటి కలదని మన బాలురలో ఎందరికి తెలియును?

1940లో ఆయన లెడర్లే ఔషధశాలకు చేరెను. అచ్చట ఆయన పర్యవేక్షణమున ఫోలిక్‌ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిరి. కణము రెండుగా చీలుటకు ముందు దస్తావేజుకు నకలు వ్రాసికొనవలెను గదా. ఆ నకలునకు కావలసిన అక్షరములను పోతపోయుటకు ఫోలిక్‌ ఆమ్లము అవసరము. అది లోపించినచో రక్తకణములు సరిగా పుట్టక పాండురోగము కలుగును. గర్భిణికి లోపించినచో శిశువు వెన్నుబాము సరిగా మూసికొనదు. ఆ ఆమ్లమునే పోలియుండి దాని పనిని అడ్డగించు ఎమినోప్టెరిన్‌ అను మందును సుబ్బారావు బృందము తయారుచేయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్‌ దానిని రక్తపు కేన్సరుతో మరణాసన్నులైన పసిపిల్లల కిచ్చెను. 16 మందిలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనిపించెనని 1948లో ఆయన ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధికి ఔషధమన్నది లేదు. దాని సోదరియైన మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది. మన గ్రామములలో బోదకాలు నివారణమునకు ఇంటింటను పంచు మాత్రలును సుబ్బారావు పర్యవేక్షణముననే 1947లో వెలువడిన మందు. మరుసటి సంవత్సరము ఆగస్టులో, స్వతంత్రభారతమును కన్నులార చూడకయే, ఆయన పరదేశమున కన్నుమూసెను.

ఈ చరిత్రవలన మనము నేర్వవలసినది కేవలము గర్వపడుట కాదు. కణము ఎట్లు పనిచేయునో తెలిసికొన్న పిమ్మటనే రోగమును ఎదుర్కొను ఆయుధము చేతికి వచ్చినది. శాస్త్రము ముందు, చికిత్స వెనుక. ఇంకొక సంగతి: ఆనాడు అట్టివానికి ఆశ్రయ మీయదగిన పరిశోధనాలయము మన గడ్డమీద లేకపోయినది. ఆ కొరత తీర్చుటకే ఉప్పల్‌ బాటమీది భవనములు లేచినవి.

మన కణములను మనమే చూచుకొన్నప్పుడు

హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయమునందలి జీవరసాయన శాఖను మూలముగా గొని 1977లో సి.సి.ఎం.బి. ఏర్పడెను. డాక్టరు పుష్పమిత్ర భార్గవ దాని మొదటి సంచాలకుడు. హబ్సిగూడలోని భవనమును 1987 నవంబరు 26వ తేదీన అప్పటి ప్రధానమంత్రి రాజీవ్‌గాంధి జాతికి అంకితము చేసెను. కట్లపాము జాతి సర్పముయొక్క డి.ఎన్‌.ఏ.ను శోధించుచు లాల్జీసింగు కనుగొన్న సాధనమే తరువాత నేరపరిశోధనకును, పితృత్వ నిర్ణయమునకును ఉపయోగపడు దేశీయ డి.ఎన్‌.ఏ. ముద్రల పద్ధతి యైనది. పామును చూచి మనుష్యుని గుర్తించుట! ప్రయోజనము నాశింపక చేసిన పరిశోధన ఎట్టి ప్రయోజనమును తెచ్చునో చెప్పుట కిది చాలును.

విదేశములలో వెలువడు వైద్యగ్రంథములు చిరకాలము యూరపు సంతతివారి దేహములను చూచియే వ్రాయబడినవి. వారి కణములందు లేని లోపము మన కణములందుండినచో ఆ గ్రంథములలో దాని పేరైన కనబడదు. ఇందుకొక దృష్టాంతము చెప్పెదము. గుండె కండరమును కట్టుదిట్టముగా నుంచు మాంసకృత్తొకటి కలదు. దానిని తయారుచేయు ఎం.వై.బి.పి.సి.3 అను జన్యువులో 25 అక్షరములు లోపించిన ప్రతి భారతీయులయందు, ఉపఖండపు ఇతర ప్రజలయందు విరివిగా కలదని సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజుగారును, దేశవిదేశములయందలి సహచరులును 2009లో వెల్లడించిరి. నూటికి నలుగురు దానిని మోయుచున్నారని వారి లెక్క. అనగా కొన్ని కోట్లమంది. ఉపఖండము వెలుపల ఈ లోపము అరుదు.

ఇంతటి కీడు వేలకొలది సంవత్సరములు మన నడుమ ఎట్లు నిలిచినదను సందేహము కలుగును. ఆ పరిశోధకులు చెప్పిన సమాధాన మిది: యౌవనమున కణములోని శుద్ధియంత్రము చురుకుగా నుండి, వికృతమైన మాంసకృత్తును ఎప్పటికప్పుడు తొలగించును. వయస్సు మీరిన కొలది ఆ యంత్రము మందగించి మలినము పేరుకొని గుండె బలహీనమగును. అప్పటికి ఆ మనుష్యుడు పిల్లలను గని, లోపమును వారికి దానము చేసియే యుండును. లోపమున్నవారందరికిని రోగము రాదు. దానితో మరియొక మార్పు కలసినవారికే అపాయము మెండని 2018లో ప్రకటింపబడిన పరిశోధన సూచించినది. కావున దీనిని మరణశాసనముగా భావింపరాదు. పొలము గట్టు ఏ మూల బలహీనమో చెప్పు సూచనగా గ్రహింపవలెను. గట్టు ఎచ్చట తెగునో తెలిసిన రైతు వానకు ముందే మట్టి వేసికొనును.

ఒక కులము కథ. అన్ని కులముల కథ

ఇక తెలుగువారిని మరింత సన్నిహితముగా తాకు సంగతి. శస్త్రచికిత్సకు ముందు కండరములను క్షణకాలము సడలించుటకు సక్సినైల్‌కోలిన్‌ అను మందు నిత్తురు. రక్తమునందలి ఒక రసాయనము దానిని కొలది నిమిషములలో విరిచివేయును. రోగి మరల తానై ఊపిరి పీల్చును. ఆ రసాయనము పుట్టుకతోడనే లోపించినవారికి ఆ సడలింపు గంటలతరబడి విడువదు. ఊపిరి కండరములును కదలవు. యంత్రముచే శ్వాస నడిపించినచో బ్రతుకుదురు. వైద్యుడు సంసిద్ధుడు కానిచో ప్రాణాపాయము. ఈ లోపము తక్కిన ప్రజలయందు మిక్కిలి అరుదు కాగా, మన వైశ్య సోదరులయందు సుమారు 100 రెట్లు అధికమని పరిశోధకులు లెక్కించిరి. మన మత్తువైద్యులలో అనేకులు ఈ సంగతి నెరిగి, రోగి కులమును అడిగి తెలిసికొనుచున్నారు కూడ.

దీనికి కారణమేమి? వైశ్యుల ఆహారము కాదు, ఆచారము కాదు, ఏ పాపమును కాదు. ఎన్నడో స్వల్పసంఖ్యలో నుండిన మూలపురుషుల నుండి వంశము విస్తరించి, ఆ పిమ్మట తరతరములుగా లోలోపలనే వివాహములు జరుగుటచేత, ఆ మూలపురుషులలో ఒకరికి ఉండిన లోపము లక్షల యిండ్లకు ప్రాకినది. 2017లో సి.సి.ఎం.బి., హార్వర్డు శాస్త్రజ్ఞులు కలసి ప్రకటించిన పరిశోధనలో, ఉపఖండమున 260కి పైగా ప్రజాసమూహములనుండి 2,800 మందికి పైబడిన వారి డి.ఎన్‌.ఏ.ను పరీక్షించిరి. వానిలో 81 సమూహములయందు ఇట్టి మూలపురుష ప్రభావము, వంశవ్యాధులకు ప్రసిద్ధులైన ఫిన్లాండు ప్రజలయందును, యూరపు యూదులయందును ఉన్నదానికన్న తీవ్రముగా కనబడినది. పది లక్షలకు మించిన జనాభా గల సమూహములు వానిలో 14 కలవు.

కావున వైశ్యుల పేరు చెప్పుట వారిని వేలెత్తి చూపుటకు కాదు. వారి లోపము కనుగొనబడినది గనుక వారికి రక్షణ దొరికినది. తక్కిన కులముల లోపములలో పెక్కు ఇంకను చీకటిలోనే యున్నవి. తన కులమునకు మచ్చలేదని మురియువాడు తన దస్తావేజును ఇంకను విప్పి చూడలేదని మాత్రమే చెప్పుకొనుచున్నాడు.

ఇందొక చరిత్రరహస్యము కూడ కలదు. ఉత్తర, దక్షిణ భారత ప్రజల పూర్వవంశములు రెండును సుమారు 4,200 సంవత్సరములకును 1,900 సంవత్సరములకును నడుమ విస్తారముగా కలసిపోయినవని 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన తేల్చినది. నేడు అగ్రజాతివారనబడు వారును, అడవిజాతులవారును ఆ కలయికకు అతీతులు కారు. ఆ తరువాతనే కులము కులమునకు నడుమ తలుపులు మూసికొన్నవి. అనాదియని మనము నమ్మిన గోడకు మన కణములే కట్టిన తేదీని చూపుచున్నవి.

మేనరికపు లెక్క

తెలుగుదేశమున మేనరికము బంధుప్రీతికి గుర్తు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు అన్న అందు అధికారమున్నట్లే భావింతుము. మేనమామయే వరుడగుటయు కలదు. ఈ ఆచారమునకు కారణములు లేకపోలేదు. పొలము చీలిపోదు, పిల్ల పరాయి యింట అడుగుపెట్టదు, అత్తయే మేనత్తయైనచో కన్నీరు తుడుచువారుందురు. వీనిని తేలికగా త్రోసివేయు సంస్కర్త మాట ఎవరును వినరు. కాని లెక్కను లెక్కగా చూడవలెను గదా.

ఒక అవ్వ జన్యువులలో ఒక లోపము దాగియున్నదనుకొందము. రెండు ప్రతులలో ఒకటి మంచిదగుటచే ఆమెకు రోగము లేదు. ఆమె కుమారునికి ఆ లోపము చేరుటకు సగము పాలు అవకాశము, కుమార్తెకును అంతే. మనుమనికి, మనుమరాలికి నాలుగింట ఒక పాలు. ఆ మనుమడును ఆ మనుమరాలును పెండ్లాడినచో, ఇరువురియందును అదే లోపముండుటకు 16లో ఒక పాలు. వారి శిశువునకు రెండు ప్రతులును చెడ్డవియై రోగము కలుగుటకు 64లో ఒక పాలు. మేనమామయే వరుడైనచో అది 32లో ఒక పాలగును. ఒక లోపమునకే యిది. ఇట్టి గుప్తలోపములు ప్రతి మనుష్యునియందును కొన్ని యుండునని శాస్త్రజ్ఞుల మతము. సామాన్యముగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులు ఏదో ఒక వైకల్యముతో పుట్టుచుండగా, మేనరికపు సంతానమున ఆ సంఖ్య ఇంచుమించు రెట్టింపగును. అనగా మేనరికములో పుట్టిన నూర్గురు శిశువులలో తొంబదిమందికి పైగా ఆరోగ్యవంతులే. భయపెట్టుట మా ఉద్దేశము కాదు. కాని ఆ తక్కిన కొలదిమందిలో ఒకడు మన ఒడిలోనిదైనప్పుడు ఆ తల్లికి లెక్క నూటికి నూరే.

ఆ తల్లిని లోకము ఏమనును? కోడలి అడుగు మంచిది కాదనును, పూర్వజన్మ కర్మమనును, రెండవ పెండ్లికి సంబంధములు వెదకును. ఇట్టి రోగము కలుగవలెనన్న తల్లినుండి ఒక ప్రతియు, తండ్రినుండి ఒక ప్రతియు సమముగా రావలయును. కోడలిని నిందించు అత్త ఆ లోపమును తానే ఇచ్చియుండవచ్చును. ఈ ఒక్క సత్యము మన యిండ్లలో ప్రవేశించినచో ఎందరు స్త్రీల కన్నీరు ఆగునో!

మేనరికము మాత్రము మానిన చాలునా? చాలదు. చిన్న సమూహములో వేలు విడిచిన సంబంధము చేసికొన్నను, వందల సంవత్సరముల వెనుక ఇరువురి మూలపురుషుడు ఒక్కడే కావచ్చును. బంధుత్వము తెలియని చోటను లోపము బంధుత్వమును ఎరిగియుండును.

రెండు పొరపాటులు

ఇట్టి విషయములందు మనవారు రెండు పొరపాటులు చేయుచుందురు. మొదటిది వృథాగర్వము. కణము తనలోని మలినమును తానే జీర్ణించుకొను విధమును కనుగొన్నందుకు జపాను శాస్త్రజ్ఞుడు ఒసుమికి 2016లో నోబెలు బహుమాన మిచ్చినప్పుడు, మన ఏకాదశి ఉపవాసమునకే ఆ బహుమానము వచ్చినదని ప్రచారము చేసినవారు కలరు. ఆయన ప్రధానముగా పరిశోధించినది ఈస్టును. ఉపవాసముచే కేన్సరు కుదురునని ఆయన చెప్పలేదు. పైగా ఆ స్వజీర్ణము ఎల్లప్పుడును మేలు కాదని మన హబ్సిగూడలోనే తేలినది. సి.సి.ఎం.బి.లో ఘనశ్యామ్‌ స్వరూప్‌గారి బృందము, నీటికాసుల వ్యాధితో సంబంధముగల ఒక మాంసకృత్తు రూపాంతరము ఆ స్వజీర్ణమును అతి చేసి, కంటిపొర కణములను చంపుచున్నదని చూపెను. ఉపవాసము భక్తికి చేయుడు, తప్పులేదు. శాస్త్రమునకు మాత్రము మన గొప్పను అంటగట్టకుడు. సుబ్బారావు, లాల్జీసింగు ఉండగా మనకు ఎరువు కీర్తి అవసరము లేదు.

రెండవది సిగ్గు. వంశమున లోపమున్నదని తెలిసిన సంబంధములు తప్పిపోవునని, పరీక్షకే పోరు. పోయినను ఫలితమును దాతురు. లోపమును మోయువాడు రోగి కాడు. తన జీవితకాలమంతయు ఆరోగ్యముగా నుండవచ్చును. అట్టివారిరువురు కలసినప్పుడే చిక్కు. ఈ భేదము తెలియనంతకాలము పరీక్షయే ఒక శిక్షగా మారి, ఆ శిక్ష ఆడపిల్లమీదనే పడును. మా భయము అదియే. పరీక్షను వద్దనువారి భయమును అదియే. కాని దానికొక ఉపాయము లోకమున ఇదివరకే కలదు.

యూదులలో టే-సాక్స్‌ అను ఘోరవ్యాధి పసిపిల్లలను నాలుగైదేండ్లలోపల హరించుచుండెడిది. ఆ వ్యాధికి తన బిడ్డలను నలుగురిని కోల్పోయిన ఎక్‌స్టైన్‌ అను మతగురువు 1983లో దోర్‌ యెషోరిమ్‌ అను సంఘమును స్థాపించెను. వారిలోను పెండ్లిండ్లు పెద్దలు కుదుర్చునవే. యువతీయువకుల రక్తమును పరీక్షించి ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిత్తురు. ఫలితము ఎవరికిని చెప్పరు. సంబంధము మాటలలో నున్నప్పుడు రెండు సంఖ్యలను పంపినచో, కలుపవచ్చును లేక కలుపరాదు అని మాత్రమే జవాబు వచ్చును. ఎవరి పేరును చెడదు. ఏ పిల్లయు మచ్చపడదు. సంప్రదాయమును విడువకయే వారు ఆ వ్యాధిని తమ యిండ్లనుండి దాదాపు వెడలగొట్టిరి. జాతకములు కలిపిచూచు అలవాటు గల మనకు ఈ పద్ధతి కొత్తదియు కాదు, కష్టమును కాదు.

చేయవలసినది

మొదట గృహస్థులు చేయవలసినది. మూడు తరముల ఆరోగ్యచరిత్రను ప్రతి యింటను ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పొలము పట్టాలను పెట్టెలో భద్రపరచువారికి ఇది భారము కాదు. శస్త్రచికిత్సకు పోవునపుడు, వంశములో మత్తుమందువలన చిక్కుపడినవారున్నచో వైద్యునకు దాచక చెప్పవలెను. గర్భము ధరించుటకు ముందునుండియు స్త్రీలు వైద్యుని సలహాపై ఫోలిక్‌ ఆమ్లమును పుచ్చుకొనవలెను. వెన్నుబాము వైకల్యములలో పెక్కింటిని అది నివారింపగలదని 1991లోనే రుజువైనది. అది మన సుబ్బారావు తయారుచేయించిన వస్తువేయని గుర్తుంచుకొని పుచ్చుకొందురుగాక. మేనరికము కుదుర్చుకొనువారు, మానలేనిచో, ముందుగా జన్యువైద్యుని సంప్రదింపవలెను.

కులసంఘములు చేయవలసినది మరియొకటి. సత్రములు కట్టిరి, విద్యార్థి వసతిగృహములు కట్టిరి. వధూవరుల పరిచయసభలు నడుపుచున్నారు. ఆ సభలకు ప్రక్కనే సంఖ్యల పద్ధతిని పాటించు పరీక్షాకేంద్రము నొకదానిని నడిపినచో, కులముపేర జరుగు పనులలో పిల్లలకు నిజముగా మేలుచేయునది అదియే యగును.

ఇక ప్రభుత్వము. 2021లో అరుదైన వ్యాధులకు జాతీయవిధాన మేర్పడినది. ఆ విధానము క్రింద ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్‌.డి.యు, పంజగుట్టలోని నిమ్స్‌ ఆసుపత్రియు కలసి ఒక విశిష్టకేంద్రముగా గుర్తింపబడినవి. సంతోషమే. కాని బిడ్డ రోగియైన పిమ్మట లక్షలు వెచ్చించుటకన్న, ముందుగా తెలియజెప్పుటకు వేలు చాలును. జిల్లా ఆసుపత్రులన్నింటను తెలుగులో విడమరచి చెప్పగల జన్యుసలహాదారుని నియమింపవలెను. పరీక్షాఫలితములు బీమా సంస్థల చేతను, యజమానుల చేతను పడకుండ చట్టము కట్టుదిట్టము చేయవలెను. ప్రజాధనముతో జరిగిన పరిశోధనల సారమును ప్రజల భాషలో ప్రకటించుట పరిశోధనాలయముల విధియని శాసింపవలెను. ఇంగ్లీషు పత్రికలలో వెలువడిన తెలుగువాని గుండె రహస్యము తెలుగువానికి తెలియకుండుట స్వరాజ్యమునకు తగిన స్థితి కాదు.

రాజకీయ స్వాతంత్ర్యము 1947లో లభించినది. మన దేహమును గూర్చి మనమే తెలిసికొను స్వాతంత్ర్యము ఉప్పల్‌ బాటమీద మొలకెత్తినది. ఆ బాట అన్నోజిగూడ మీదుగా ఘట్‌కేసరునకు, భువనగిరికి, వరంగల్లునకు సాగుచునే యున్నది. దానిమీద సరకులబండ్లు రాత్రింబవళ్లు నడచుచున్నవి. ఈ జ్ఞానమును గూడ ఆ బాటవెంట పల్లెలకు నడిపించు భారము చదువుకొన్నవారిదే. అందును పెండ్లిమాటలలో పెద్దరికము వహించు గృహస్థులది. ఈ యేడు మీ యింట సంబంధము చూచునప్పుడు, నక్షత్రమును అడిగిన నోటితోనే ఆ రెండవ ప్రశ్నను గూడ అడుగుడు. ఎదుటివారడిగినప్పుడు కోపింపక సమాధానము చెప్పుడు.